మగ్గం గదికి మెరుపు రంగు

నలభై అయిదేళ్ళు గోడలకు రంగులు వేశాను. హిందూపురంలో మొదలుపెట్టి, పెనుకొండ, ధర్మవరం, మధ్యలో పరిగి, కొత్తచెరువు పల్లెలు, ఎవరు పిలిస్తే అక్కడికి బ్రష్షుల డబ్బా పట్టుకుని పోయాను. నిరుడు మోకాళ్ళు మొరాయించడంతో నిచ్చెన దిగాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. ఎవరడిగారంటారా, ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగితే మన పనివాళ్ళ మాట ఎప్పటికీ కాగితం మీదికి రాదు.

రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఈ మధ్య మా అల్లుడు నా కళ్ళు పోయాయన్నాడు.

మా కూతురు భారతి పెనుకొండలో ఉంటుంది. రవికెలు కుడుతుంది. పట్టు రవికె కుట్టాలంటే ఆ వీధిలో భారతే కుట్టాలని పేరు. అల్లుడు రమేశ్ బడిపంతులు. మంచివాడే గానీ ఫోనులో కనిపించిందల్లా అతనికి వేదం. ఈ మధ్యే కొత్త ఇల్లు కట్టుకున్నారు. నేను నిచ్చెన దిగాను కదా అని రంగుల పని బయటి ఊరి కాంట్రాక్టరుకు ఇచ్చాడు. వాళ్ళు కుట్టుమిషను ఉన్న గదిలో కిటికీకి ఎదురు గోడంతా నారింజ రంగు వేసి, అద్దంలా మెరిసే ఫినిషింగ్ ఇచ్చి పోయారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ గోడ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. నేను దిగలేదు.

రెండు నెలలు తిరగకముందే భారతి కుట్టిన రవికెలు రెండు వాపసు వచ్చాయి. బట్ట ఒక రంగు, కుట్టిన దారం ఇంకో రంగు. పదిహేనేళ్ళలో ఎన్నడూ లేనిది. తన చూపు మందగించిందనుకుని కళ్ళద్దాలు కొనుక్కుంది. అద్దాలు పెట్టుకుని కుట్టిన మూడో రవికె కూడా వాపసు వచ్చింది. ఇక పట్టు రవికెలు ఒప్పుకోనని, పిల్లల బడి బట్టలు మాత్రం కుట్టుకుంటానని తేల్చేసింది. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

"కండ్లది కాదమ్మా, గోడది," అన్నాను.

అల్లుడు నవ్వాడు. "ఏమనుకోవద్దు మామా. నీకూ వయసైపాయ. నీ కండ్లే సరిగ్గా కనపడవు, ఇంగ గోడ సంగతి నువ్వేం జెప్తావు? అయినా గోడకూ కుట్టుకూ ఏం సంబంధం?"

సంబంధం ఏమిటో నాకు తెలుసు. ముప్పై అయిదేళ్ళ కిందట ధర్మవరంలో ఒక ఆడమనిషిని ఇలాగే కళ్ళు పోయాయన్నారు. ఆమె కళ్ళకు ఏమీ కాలేదు. తప్పు గోడది. ఆ గోడకు రంగు వేసిన చేయి నాది. ఆ సంగతి చెప్పాలంటే ముందు నాకు పని నేర్పిన మనిషి గురించి చెప్పాలి.

చెంబెడు నీళ్ళు

మా హనుమంతప్ప మేస్త్రిది హిందూపురం. మాటల్లో సగం కన్నడం, నోట్లో ఎప్పుడూ వక్కాకు. కొత్త ఇంటికి పోతే ముందు యజమానిని పలకరించేవాడు కాదు. చెంబెడు నీళ్ళు తెప్పించి గోడ మీద కొట్టేవాడు.

"ఎట్ల తాగుతాదో చూడప్పా," అనేవాడు.

నీళ్ళు పడీ పడగానే పీల్చేసుకుంటే అది దాహం మీదున్న గోడ. కొత్త గారగానీ, పాత సున్నంగానీ అయి ఉంటుంది. దానికి ప్రైమర్ తాపకుండా రంగు వేస్తే రంగులోని జిగురంతా గోడే తాగేస్తుంది, పైన పొడి మిగులుతుంది. నీళ్ళు తాగకుండా జారిపోతే లోపల పాత ఆయిల్ పెయింటు ఉన్నట్టు. అప్పుడు ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేయనిదే ఏదీ పట్టదు. నీళ్ళు ఆరిన చోట తెల్లటి అంచు కట్టిందా, అది చౌడు. ఆ గోడకు రంగు కాదు కావాల్సింది, చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో వెతికేవాడు కావాలి.

"ప్రైమర్ అంటే తెల్ల నీళ్ళు గాదు," అనేవాడు మేస్త్రి. "గోడకూ రంగుకూ సంబంధం కుదిర్చే పెద్దమనిషి. పెద్దమనిషి లేకుండా చేసిన పెండ్లికి రేపు పంచాయితీ ఎవుడు జేస్తాడు?"

ఇంటి యజమానులకు ప్రైమర్ అంటే గిట్టదు. కంటికి కనిపించని దానికి ఎందుకు అంటారు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత గోడలను చూసే పుట్టి ఉంటుంది. మన ఎండలకు కొత్త గార వారానికే ఆరినట్టు కనిపిస్తుంది. ఆరేది పైన మాత్రమే. లోపల తడి ఉండగా రంగు వేస్తే అది వేసవి దాటేదాకా బాగుండి, తర్వాత బొబ్బలెక్కుతుంది. గృహప్రవేశం ముహూర్తం గోడకు తెలియదు. నన్ను తొందరపెట్టిన ప్రతివాడికీ ఈ మాట చెప్పాను. చాలామంది వేరేవాళ్ళను పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకున్నాను.

పనిలో మేస్త్రిని మించినవాడిని నేను చూడలేదు. కానీ ఆయన నాలుకకు వెన్నెముక లేదు. పెనుకొండలో ఒక పెద్ద రైతు ఇల్లు, రాతి కట్టడం, సున్నపు గార. ఆ గోడలు ఊపిరి పీల్చుకునే గోడలు. రైతుకు నున్నగా కావాలి, పైన లప్పం ముద్ద పూసి ప్లాస్టిక్ పెయింటు వేయమన్నాడు. నిలవదని మేస్త్రికి తెలుసు. నా వైపు చూసి కన్ను గీటి, "అట్లనే రెడ్డీ," అన్నాడు. ఒక్క వానాకాలానికి ఆ లప్పమంతా అప్పడాల్లా లేచి వచ్చింది. రైతు రంగు డబ్బాను తిడుతుంటే మేస్త్రి తల ఊపుతూ నిలబడ్డాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు చెప్పాడు. "రంగు రాలితే డబ్బాను తిట్టు, చౌడు పొంగితే భూమిని తిట్టు. మన పేరు మాత్రం బయటికి రానీకప్పా."

ఆ రోజు అది తెలివి అనుకున్నాను.

ఏ గదికి ఎంత మెరుపు

అసలు సంగతికి పోయేముందు ఫినిషింగుల గురించి నాలుగు ముక్కలు. అంగట్లో ఇచ్చే షేడ్ కార్డును నమ్మకండి. అగ్గిపెట్టె అంత ముక్కలో చూసిన రంగు గోడంతా పరుచుకుంటే వేరే మనిషిలా మాట్లాడుతుంది. గోడ మీదే మూరెడు చదరం వేసి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టాక ఒకసారి చూడండి.

మెరుపు అందానికి కాదు, కడగడానికి. ఇది రాసిపెట్టుకోండి. వంటింట్లో పొయ్యి వెనక గోడకు మెరుపు కావాలి, పోపు చిట్లిన నూనె తుడవాలి కాబట్టి. తలుపులకు, కిటికీలకు, స్నానాల గదికి కావాలి. చిన్నపిల్లలు తిరిగే చోట వాళ్ళ చేయి ఎంత ఎత్తు అందితే అంత దాకా సగం మెరుపు చాలు. పైకప్పుకు అసలు వద్దు, గార మేస్త్రి చేసిన పాపాలన్నీ లైటు వేయగానే బయటపడతాయి. హాలుకు మెరుపు కావాలని అందరూ అడుగుతారు. గోడ సమంగా లేకపోతే ఆ మెరుపులో ఎత్తుపల్లాలు మా పరిగి చేలగట్లలా కనిపిస్తాయి. పడకగదికి మీ ఇష్టం, ఎలాగూ కళ్ళు మూసుకునే గది.

వీటన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటుంది. ఈ గదిలో ఎవరు కూర్చుంటారు, ఏం పని చేస్తారు, వెలుతురు ఎటునుంచి వస్తుంది? హిందూపురంలో ఒకాయన నా మీద కేకలేశాడు. "రంగేసేవానివి రంగెయ్యప్పా, మా సంసారం నీకెందుకు?" అన్నాడు. అయినా అడగడం మానలేదు. ఈ ప్రశ్న నాకు ఏ మేస్త్రీ నేర్పలేదు. ధర్మవరంలో సరోజమ్మ నేర్పింది, అదీ ఆమె నష్టపోయాక.

సున్నం వద్దన్నది నేనే

సరోజమ్మ నేతగత్తె. నాకంటే పదేళ్ళు పెద్ద, అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త లేడు. పన్నెండేళ్ళ వయసులో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టిందట, అప్పటినుంచి పట్టుచీరలే. పెళ్ళి చీరలు నేయాలంటే పట్టు షావుకారు ముందు ఆమెకే కబురు పెట్టేవాడు. కొడుకు ఆటో నడిపేవాడు. అతని పెళ్ళి కుదిరి ఇంటికి రంగులు వేయించాలని మా మేస్త్రిని పిలిచారు. మేస్త్రి ఆ పని నా చేతిలో పెట్టాడు. మొదటిసారి ఒక ఇల్లంతా నా ఇష్టానికి వదిలేశాడు. నేను నేల మీద నడవలేదు.

సరోజమ్మ ఒక్కటే అడిగింది. "మగ్గం గదికి మాత్రం సున్నమే కొట్టబ్బీ. మొదటినుంచీ అదే ఉండాది."

"ఏమక్కా, ఈ కాలంలో సున్నమా?" అన్నాను. "పెండ్లికొచ్చినోళ్ళు చూసి నవ్వరా? నేనొక రంగేస్తా, నీ మొహం కనపడాల దాంట్లో."

ఆమె రెండోసారి అడగలేదు. పనివాడికి తెలియదా అనుకుంది. నేను పాత సున్నమంతా గీకాను. ప్రైమర్ తాపాను, లప్పం పెట్టాను, ఉప్పు కాగితంతో నున్నగా రుద్దాను, పండిన నారింజ రంగు ఎనామిల్ మూడు పూతలు వేశాను. పనితనంలో వంక పెట్టడానికి లేదు. పెళ్ళికి వచ్చినవాళ్ళు ఆ గోడను చేత్తో తడిమి చూశారు. మేస్త్రి కూడా వచ్చి చూసి నా భుజం తట్టాడు. ఆ గదిలో ఏం పని జరుగుతుందో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

మూడు నెలల తర్వాత ధర్మవరంలోనే ఇంకో పని పడింది. మధ్యాహ్నం అన్నం తిని, నా గోడ ఎలా ఉందో చూసుకుందామని సరోజమ్మ ఇంటికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. మగ్గం చప్పుడు లేదు.

"ఏమక్కా, పనికి సెలవా?"

"కండ్లు పొయ్యినాయంట అబ్బీ నాకు," అంది. ఏడవలేదు. ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

మామిడిపండు రంగు పెళ్ళి చీర నేసింది. చీర మధ్యలో దారం అయిపోయి, దారం చుట్టిన కొత్త కండె అందుకోవాలి. ఆ దారం ఇంకో వాయిలో, అంటే ఇంకోసారి కలిపిన రంగులో, ముంచినది. ఒక్కో వాయికి రంగు రవ్వంత తేడా వస్తుంది. అందుకని నేసేవాళ్ళు కండె మార్చేముందు పాత దారం పక్కన కొత్తది పెట్టి కంటితో సరిచూసుకుంటారు. సరోజమ్మ కూడా చూసింది, రెండూ ఒకటే అనిపించి నేసింది. షావుకారు అంగట్లో చీరను ఎండలో విప్పితే మధ్యనుంచి కొసదాకా ఎరుపెక్కి ఉంది. పెళ్ళివాళ్ళు ఆ చీర వద్దన్నారు. ఆమె తర్వాత నేసిన చీర కూడా అలాగే వచ్చింది.

"ఇంగ నీకు పెండ్లి చీరలు ఇయ్యను, ఇంట్లో కూచోని కండెలు చుట్టుకో అన్నాడు షావుకారు," అంది. "ఆ మాటలో తప్పేం లేదులే. కండ్లు లేనోళ్ళకు పట్టు ఎవురిస్తారు?"

మిగిలిన దారాలు రెండు తెచ్చి నా చేతిలో పెట్టింది. అరుగు మీద వాటిని చూస్తే తేడా తెలుస్తోంది, ఒకటి పసుపు, ఒకటి కొంచెం ఎరుపు. ఎందుకో మరి, వాటిని పట్టుకుని మగ్గం గదిలోకి పోయాను. కిటికీలోంచి ఎండ ఎదురు గోడ మీద పడి, ఆ నారింజ మెరుపంతా మగ్గం మీదికి తిరిగి కొడుతోంది. దారాలు చూశాను. రెండూ ఒకటే రంగు. బయటికి వచ్చాను, రెండు రంగులు. మళ్ళీ లోపలికి పోయాను, ఒకటే రంగు.

నాకు అర్థమైంది. సరోజమ్మ ఇచ్చిన మజ్జిగ తాగాను. ఏమీ చెప్పకుండా బస్సెక్కి హిందూపురం వచ్చేశాను. ఈ రాతలో నేను సిగ్గుపడి రాస్తున్న వాక్యం ఇదొక్కటే.

గమ్మునుండమన్న మేస్త్రి

మరునాడు మేస్త్రికి చెప్పాను. ఆయన వక్కాకు ఉమ్మేసి వచ్చి కూర్చున్నాడు.

"ఎవురికైనా జెప్పినావా?"

"లేదు."

"జెప్పొద్దు. గమ్మునుండు."

"ఆమె కండ్లు పొయ్యినాయనుకుంటాంది మేస్త్రీ. మగ్గం మూలకు పెడ్తాంది."

"వయసైనంక అందురికీ పోతాయి. ఈమెకు రొన్నాళ్ళు ముందు పోయినాయనుకో. ధర్మవరంలో ఎన్ని మగ్గాలుండాయి? రంగేసినోడు నేతను చెడగొట్టినాడంటే ఒక్క ఇంటికన్నా పిలుస్తారా మనల్ని? నువ్వు మునిగి నన్నూ ముంచుతావా?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను నాలుగు రోజులు ఆపింది. ఆ నాలుగు రోజులూ ఏ గోడ మీద బ్రష్షు పెట్టినా సరోజమ్మ గొంతే వినిపించింది. నన్ను తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె తన కళ్ళనే తప్పు పట్టుకుంది. తన మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను, అదీ మూడు పూతలు వేసి. డబ్బాను తిట్టు, భూమిని తిట్టు అన్నాడు మేస్త్రి. ఇప్పుడు ఒక మనిషి కళ్ళను తిట్టించాల్సి వచ్చింది. అది మాత్రం నా వల్ల కాలేదు.

అయిదో రోజు పనికి పోలేదు. "మేస్త్రీ, నేను ధర్మవరం పోతాండా," అని చెప్పాను.

"పోతే మళ్ళీ నా దగ్గరికి రాకు," అన్నాడు.

"రానులే," అన్నాను.

షావుకారు చూపు

ముందు సరోజమ్మకు చెప్పాను. ఆమె గోడ వైపు తిరిగింది. "నేను సున్నమే కొట్టమంటి కదబ్బీ," అంది. అంతే. నలభై అయిదేళ్ళలో నన్ను తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏ తిట్టూ అంత లోతుకు దిగలేదు.

ఇద్దరం షావుకారు అంగడికి పోయాం. పట్టుచీరల మధ్య తెల్లటి పరుపు మీద కూర్చున్న మనిషి, ముప్పై ఏళ్ళుగా రంగులు చూసి ధర కట్టేవాడు. నా మాట సగం విని చేయి ఊపాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నారంట. కండ్లు పోయి గోడ మీద పెడ్తాండారా? నువ్వెవురప్పా ఈమెకు వకాల్తా?"

"ఆ గోడకు రంగేసినోన్ని. తప్పు నాది."

"నీ తప్పని నువ్వే వచ్చి జెప్పుకుంటాండావా?" నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. అలాంటి మనిషి అంగడికి రావడం అదే మొదటిసారి కాబోలు.

"నన్ను నమ్మొద్దు. ఒక్కసారి ఆ గదిలోకి వచ్చి నీ కండ్లతో నువ్వే చూడు. నీకు తేడా తెలిస్తే నేను ఈ ఊరికి మళ్ళీ రాను."

ఆ మాటకు వచ్చాడు. మగ్గం గదిలో కిటికీ వైపు వీపు పెట్టి నిలబెట్టి, రెండు దారాలు చేతికిచ్చాను. ఏది ఎర్రది అని అడిగాను. మొదటిసారి పసుపుదాన్ని చూపించాడు. చేతులు మార్చి మళ్ళీ అడిగాను. అటూ ఇటూ తిప్పి చూసి, "రెండూ ఒకటే వాయి కదా?" అన్నాడు. అరుగు మీదికి తీసుకొచ్చాను. చేతిలోకి చూసుకున్నాడు. ముఖం కందగడ్డ అయింది.

"నీకూ కండ్లు పొయ్యినాయా అన్నా?" అని సరోజమ్మ అడిగింది. నవ్వకుండా అడిగింది.

షావుకారు చెప్పులు వేసుకుంటూ, "గోడ మార్పించు. పట్టు పంపిస్తా," అన్నాడు. క్షమించమని అడగలేదు. అలాంటివాళ్ళు అడగరు, నేను ఎదురుచూడలేదు కూడా. పట్టు మాత్రం పంపాడు.

సున్నం మీద ఎనామిల్ వేయడం ఎంత సుళువో, ఎనామిల్ తీసి సున్నం కొట్టడం అంత నరకం. సున్నానికి నూనె అంటే పడదు, గోడ మీద వీసమెత్తు మిగిలినా పట్టదు. ఆరు రోజులు గీకాను. చేతులు బొబ్బలెక్కాయి. అడుగున అప్పటికే పొరలు లేస్తున్నాయి. మగ్గం గుంత చెమ్మ ఆ రంగు కింద చిక్కుకుపోయింది. అంటే ఆ గోడకు ఎనామిల్ రెండు విధాలా తప్పే. సున్నంలో నీలిమందు కలపబోతే సరోజమ్మ ఒప్పుకోలేదు.

"ఆ నీలం కూడా వద్దు. గోడకు ఏ రంగూ ఉండకూడదు. రంగులన్నీ ఈడ నా చేతిలో ఉండాల."

ఫినిషింగుల గురించి నేను విన్న పాఠాలన్నిటిలో ఇంత చక్కటిది ఇంకొకటి లేదు. పని అయ్యాక ఆ రెండు పట్టుదారాలు ఒక అట్టముక్కకు చుట్టి నాకిచ్చింది. అప్పటినుంచి అవి నా బ్రష్షుల డబ్బాలోనే ఉన్నాయి. కంటితో పనిచేసేవాళ్ళు కూర్చునే గది ఏదైనా, రంగు ఆరాక వాటిని పట్టి చూసి గానీ బయటికి రాలేదు.

మేస్త్రి అన్న మాట నిలబెట్టుకున్నాడు, మళ్ళీ పనికి పిలవలేదు. ధర్మవరంలో మాకు పని దొరకదన్న ఆయన జోస్యం మాత్రం తప్పింది. మగ్గం ఉన్న ఇళ్ళవాళ్ళు నన్నే వెతుక్కుంటూ వచ్చారు. ఏళ్ళ తర్వాత మేస్త్రి కొత్త ఇల్లు కట్టుకున్నాడు. రంగులు వేయడానికి నాకు కబురు పెట్టాడు. పోయాను. మజ్జిగ ఇచ్చాడు, పాత మాట ఎత్తలేదు. గోడ మీద చెంబెడు నీళ్ళు ఆయన ముందే కొట్టి చూశాను.

ఇంట గెలవడం

ఇప్పుడు మళ్ళీ పెనుకొండకు. అల్లుడు నా కళ్ళు పోయాయన్నప్పుడు నేను డబ్బాలోంచి ఆ అట్టముక్క తీశాను. మిషను గదిలో గోడ ముందు నిలబడి చూశాను. రెండు దారాలూ ఒకటే రంగు.

గోడ సంగతి నాకు తెలుసు కాబట్టి అలాగే కనిపించాలి. కానీ అల్లుడి మాట నన్ను తొలుస్తోంది. బయటికి పోయి చూస్తే సరిపోయేది కదా అంటారు. పోవడానికి భయం వేసింది. బయట కూడా ఒకటిగానే కనిపిస్తే? అరవై ఎనిమిదేళ్ళవాడిని. దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్న మాట నిజమే. అట్టముక్క జేబులో పెట్టుకుని, అన్నం తిని పడుకున్నాను. పొద్దున్నే ధర్మవరం రైలెక్కాను. కళ్ళు పోయాయని ఎవరైనా చెప్పాల్సి వస్తే సరోజమ్మ చెప్పాలి. ఆ హక్కు ఆమెకు ఉంది.

మగ్గం మీద ఇప్పుడు కోడలు కూర్చుంటోంది. సరోజమ్మ పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. ఒక కంటికి ఆపరేషన్ అయిందట. గది మాత్రం సున్నం తెలుపే, ఏటేటా కొట్టిస్తున్నారు. దారాలు ఆమె చేతిలో పెట్టి విషయమంతా చెప్పాను. ఆమె వాటిని వీపు వెనక దాచి, తారుమారు చేసి, ముందుకు చాపింది.

"ఏది ఎర్రదబ్బీ?"

చూశాను. ఎడమ చేతిలోది ఎరుపు. వేలు పెట్టి చూపించాను. మళ్ళీ దాచి మళ్ళీ చాపింది. కుడిచేయి. మూడోసారి కూడా తప్పలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"మసక ఉంటాదిలే, వయసుకు తగ్గట్టు. డాక్టరుకు జూపిచ్చుకో," అంది. "రంగు తెలిసే కన్ను యాడికీ పోలేదు. పోయి నీ బిడ్డకు గోడ తెల్లగా చెయ్యి. నాకు చేసినావు కదా."

పెనుకొండలో దిగగానే ఉప్పు కాగితం, ప్రైమర్ డబ్బా, మెరుపు అసలు లేని తెల్ల రంగు కొన్నాను. మెరిసే గోడ మీద నేరుగా ఏ రంగూ నిలవదు. ముందు రుద్ది ఆ మెరుపును చంపాలి, తర్వాత ప్రైమర్, దాని మీద రంగు. స్టూలు వేసుకుంటుంటే భారతి అడ్డం వచ్చింది.

"మోకాళ్ళు ఏం కావాల నాయనా? ఎక్కొద్దు."

అల్లుడు ఫోటోల గోడ అన్నాడు. పెట్టిన ఖర్చు అన్నాడు. కాంట్రాక్టరుకు ఫోను చేసి అడుగుతానన్నాడు. నేను ఎక్కాను. అడుగడుగుకూ మోకాలు కటుక్కుమంది, దాని మాట కూడా వినలేదు.

నాలుగు రోజులు పట్టింది. రంగు ఆరిన మధ్యాహ్నం భారతిని మిషను ముందు కూర్చోబెట్టాను, ఎప్పుడూ కూర్చునే చోటే. కళ్ళద్దాలు తీసేయమన్నాను. దారాలు చెరొక చేతిలో పట్టి చూపించాను, ఏది ఏదో చెప్పలేదు. ఆమె వాటిని చూసింది, తెల్లగోడను చూసింది, మళ్ళీ దారాలను చూసింది.

"ఈ చేతిలోది ఎరుపు నాయనా," అంది. "రెండూ వేరే వేరే కదా."

గుమ్మంలో నిలబడ్డ అల్లుడి చేతికి దారాలూ అట్టముక్కా అందించి, స్టూలు తీసి పక్కన పెట్టాను.